చీకట్లో పట్టుకున్న చెయ్యి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ నవల రాతప్రతి అందిన నాలుగు రోజులకే చదవడం ముగించాను. జవాబు ఆలస్యం కావడానికి కారణం నవల కాదు, దానితో పాటు నువ్వు పంపిన ఉత్తరం. హారర్ నవలలను తెరకెక్కించిన వాళ్లెవరూ మూలానికి న్యాయం చేయలేదని అందులో రెండు పేజీలు వాదించి, ఆఖరున నీ నవల మాత్రం వెబ్‌సిరీస్‌కు అచ్చంగా సరిపోతుందని రాశావు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదని నీకు తోచలేదా అని నవ్వుకున్నాను గానీ, నీ వయసులో నేనూ ఇలాగే మాట్లాడేవాణ్ని.

మా తరానికి భయం వారపత్రికల సీరియళ్లలోంచి వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమిలో వస్తున్నప్పుడు, కథ ఆగిన చోటికీ మళ్లీ మొదలయ్యే చోటికీ మధ్య ఉన్న ఏడు రోజుల్లో సగం భయాన్ని పాఠకుడే తయారుచేసుకునేవాడు. అలా తయారైన భయానికి రెండున్నర గంటల సినిమాను పోటీకి నిలబెట్టి, ఓడిందని తీర్పు చెప్పడం సబబు కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

షిర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’లో ఒక రాత్రి ఉంది. దెయ్యాలున్నాయని పేరుపడ్డ ఆ ఇంట్లో, చీకటి గదిలో ఎలినార్ అనే ఆమె పడుకుని ఉంటుంది. గోడ అవతల ఏదో గొణుగుడు, ఆ తరువాత ఒక పసిపిల్ల ఏడుపు వినిపిస్తాయి. ఎలినార్ తన పక్కనున్న తోటి అతిథి థియోడోరా చేతిని బిగించి పట్టుకుంటుంది. ఆ వేళ్లు తన వేళ్లను నొక్కడం కూడా ఆమెకు తెలుస్తూనే ఉంటుంది. చివరకు ఓర్చుకోలేక కేక వేస్తుంది, దీపం వెలుగుతుంది, చూస్తే థియోడోరా అవతలి మంచం మీద అప్పుడే లేచి కూర్చుంటోంది. మరి ఇంతసేపూ పట్టుకున్న చెయ్యి ఎవరిది? రచయిత్రి ఆ ప్రశ్న దగ్గరే ఆపేసింది. ఆ చేతి చల్లదనాన్ని గురించీ, దాని గోళ్ల గురించీ మరో పేరా రాసి ఉంటే ఆ రాత్రి పాడైపోయేది.

1963లో రాబర్ట్ వైజ్ ఈ నవలను ‘ది హాంటింగ్’ పేరుతో నలుపు తెలుపుల్లో తీశాడు. సినిమా మొత్తంలో దెయ్యం ఆకారం ఒక్కసారి కూడా కనబడదు. కెమెరా గోడ మీది అల్లికను కదలకుండా చూస్తూ ఉంటుంది, చూడగా చూడగా అందులో ఒక ముఖం ఉన్నట్టు మనకే అనిపిస్తుంది. ఇంకో చోట చెక్క తలుపు ఎవరో అవతలి నుంచి ఒత్తుతున్నట్టు లోపలికి ఉబ్బుతుంది. జాక్సన్ వాక్యం ఆపిన చోటే వైజ్ కెమెరాను ఆపాడు. అదే కథను 1999లో మళ్లీ తీసినవాళ్లు గ్రాఫిక్స్‌తో ఇంటినంతా ఆడించారు. నేను నిబ్బరంగా వేరుశనక్కాయలు వలుచుకుంటూ చూశాను.

నీకు కోపం తెప్పించిన ‘ది షైనింగ్’ సంగతి ఇంత తేలికగా తేలదు. స్టీఫెన్ కింగ్ 1977 నవలలో హోటల్ అడుగున పాత బాయిలర్ ఒకటి ఉంటుంది. దాని పీడనాన్ని ఎప్పటికప్పుడు తగ్గిస్తూ ఉండకపోతే పేలిపోతుంది. ఆ ఖాళీ హోటల్‌కు కుటుంబంతో కాపలాకు వచ్చిన తండ్రి తాగుడు మానేసి, కొడుకు చెయ్యి విరిచిన పాపాన్ని మోస్తుంటాడు. అతని లోపల పెరిగే ఒత్తిడీ, బాయిలర్ పీడనాన్ని చూపే ముల్లు కదలికా ఒకటే. 1980లో దీన్ని సినిమాగా తీసిన స్టాన్లీ కుబ్రిక్ ఆ బాయిలర్‌ను దాదాపు పక్కన పెట్టేశాడు. ముగింపులో హోటల్ పేలదు. పొదలతో పెంచిన పద్మవ్యూహం లాంటి తోటలో తండ్రి మంచుకు గడ్డకట్టి చనిపోతాడు. కారు అందంగా ఉంది గానీ లోపల ఇంజన్ లేదని కింగ్ ఎద్దేవా చేశాడు. తండ్రి మొదటి నుంచే పిచ్చివాడిలా కనిపిస్తాడన్న ఆయన ఫిర్యాదులో న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను.

అయితే ఆ సినిమాలో పిల్లవాడు ఖాళీ హోటల్ వరండాల్లో ట్రైసైకిల్ తొక్కే చోట ఒకసారి కళ్లు మూసుకుని విను. చక్రాలు చెక్క నేల మీద గడగడమంటాయి, తివాచీ ఎక్కగానే చప్పుడు పోతుంది, మళ్లీ గడగడ, మళ్లీ నిశ్శబ్దం. మలుపు తరువాత ఏముందోనన్న బెంగను కుబ్రిక్ అంతా ఆ చప్పుడులోనే పెట్టాడు, దాన్ని నువ్వూ నేనూ వాక్యంలో ఎంత ప్రయత్నించినా పట్టుకోలేం. తరువాత 1997లో కింగ్ స్వయంగా రచన చేసి, మూడు భాగాల టీవీ సిరీస్‌గా నవలకు దగ్గరగా తీయించాడు. నవలలో జంతువుల ఆకారంలో కత్తిరించిన పొదలు మొదట్లో చూస్తుండగా కదలవు, చూపు తిప్పి మళ్లీ చూసేసరికి చోటు మారి ఉంటాయి. టీవీలో అవి గ్రాఫిక్స్‌తో కదులుతుంటే నాకు నవ్వొచ్చింది. మూలానికి దగ్గరగా తీసినా అలా జరుగుతుంది. అదే జపాన్‌లో, కోజి సుజుకి 1991 నవల ‘రింగ్’లో లేని సన్నివేశాన్ని, టీవీ తెరలోంచి ఆడమనిషి పాకుతూ బయటికి రావడాన్ని, 1998లో హిదియో నకాతా తన సినిమాలో పెట్టాడు. ఈ రోజు లోకమంతా గుర్తుపెట్టుకున్నది దాన్నే.

నా కథ ఒకటి టీవీకి వెళ్లిన వైనం కూడా చెప్పాలి. కథలో భయమంతా తెల్లవారుజామున వంటింట్లో వినిపించే రుబ్బురోలు చప్పుడు. ఇంట్లో అందరూ పడుకునే ఉంటారు. తీసినవాళ్లు రోలు తీసేసి తెల్లచీర, విరబోసిన జుట్టు, గజ్జెల మోత పెట్టారు. కొన్నాళ్లు వాళ్లను తిట్టుకున్నాను. తరువాత కథ తిరిగి చదివితే, నేనే మూడో పేజీలో ‘ఆమె ఆత్మ’ అని రాసిపెట్టి వాళ్లకు చీర అందించానని అర్థమైంది.

ఇక నీ నవలకు వద్దాం. ప్రతి అధ్యాయమూ ‘పై నుంచి చూస్తే’ అనో, ‘మెల్లగా దగ్గరకు వెళితే’ అనో మొదలవుతోంది. అది చూస్తున్నది ఎవరు? నీ కథలో పైన ఎవరూ లేరు. తొమ్మిదో అధ్యాయంలో బావిలోకి దిగిన ఆ చూపు అడుగున ఉన్నదాన్ని ఎముకలతో సహా నాలుగు పేరాల్లో లెక్కపెట్టింది. ఆ నాలుగింటినీ పెన్సిల్‌తో కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. వాటికి ముందు, చేంతాడు పైకి లాగుతున్న ముసలమ్మ ‘ఇవాళ బొక్కెన తేలిగ్గా వస్తోందేమే’ అని మనవరాలితో అంటుంది చూడు, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. అధ్యాయాన్ని అక్కడ ఆపి, పదో అధ్యాయం ఆ మనవరాలి వైపు నుంచి మళ్లీ రాసి పంపు. రాతప్రతి రేపటి పోస్టులో వేస్తున్నాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి