అకౌంటెంట్ ఫీజు గొడవ తర్వాత చూసుకోవచ్చు, ముందు రద్దు ఆర్డర్ మీద తేదీ చూడండి

ప్రశ్న: విజయవాడలో ఉంటాను. మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను, నెలకు రెండు లక్షల ఎనభై వేల దాకా అమ్మకం ఉంటుంది. మా అన్నయ్య స్నేహితుడే కదా అని ఒక అకౌంటెంట్‌కు నెలకు 3,000 ఇస్తూ జీఎస్టీ పని మొత్తం అప్పగించాను. టాక్స్ కట్టాలని చెబితే నెలనెలా 14,000 ఆయన నంబరుకే యూపీఐలో పంపాను, ఆయన చలానా పీడీఎఫ్ పంపేవాడు. ఫిబ్రవరి చివర్లో ఆన్‌లైన్ సంస్థ నా అమ్మకాల ఖాతా ఆపేసింది, రావాల్సిన డబ్బూ ఆగిపోయింది. తీరా చూస్తే మే నుంచి డిసెంబరు దాకా రిటర్నులే వేయలేదట, నా జీఎస్టీ రిజిస్ట్రేషన్ జనవరి 20న రద్దయిందట. పోర్టల్‌లో ఉన్న మొబైలు, మెయిలు రెండూ ఆయనవే. పాస్‌వర్డ్ అడిగితే, 18 నెలలుగా సంస్థ పంపే లెక్కలు సరిచూసినందుకు నెలకు ఇంకో 3,000 చొప్పున 54,000 బాకీ ఉన్నావు, అది ఇస్తేనే అంటున్నాడు. మా మరిదేమో నిల్ రిటర్నులు (అమ్మకం సున్నా అని) వేసేద్దాం వదినా, కాదంటే అన్నయ్య (మా ఆయన) పేరు మీద కొత్త నంబరు తీసుకుందాం అంటున్నాడు. ఆయన మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా? అసలు ఇంత చిన్న వ్యాపారానికి అకౌంటెంట్‌కు ఎంత ఇవ్వాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు రాసిన ఉత్తరం నాలుగు పేజీలుంది, అందులో మూడు పేజీలు ఆయన మీ ఇంట్లో భోంచేసిన సంగతి, మీ అన్నయ్య మొహం చూసి నమ్మిన సంగతి. ఆ మూడు పేజీలు ఏ అధికారీ చదవడు, నేనూ పక్కన పెడుతున్నాను. మీ కేసును తేల్చేది మూడో పేజీ చివర, ఏదో మాట వరసకు రాసినట్టు రాసిన ఒక్క ముక్క: ఆర్డర్ తేదీ జనవరి 20.

రద్దయిన రిజిస్ట్రేషన్‌ను తిరిగి బతికించమని అడగడానికి కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం సెక్షన్ 30 ప్రకారం ఆర్డర్ అందిన రోజు నుంచి 90 రోజులు గడువు. జనవరి 20 నుంచి లెక్కిస్తే ఏప్రిల్ 20తో అది అయిపోతుంది. నాకు అందలేదు, మెయిల్ ఆయనది కదా అంటారేమో, చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్‌లో మీరిచ్చిన మెయిల్‌కు వచ్చినా, పోర్టల్‌లో పెట్టినా మీకు అందినట్టే. పోర్టల్‌లో పెట్టినంత మాత్రాన సరిపోదని చెప్పిన తీర్పులు కొన్ని ఉన్నాయి, కానీ వాటి కోసం హైకోర్టు మెట్లెక్కే ఖర్చుతో పోలిస్తే మీ అకౌంటెంట్ అడిగే 54,000 చిన్న మొత్తమే. 90 రోజులు దాటాక కూడా సరైన కారణం చూపిస్తే అదనంగా 180 రోజుల దాకా గడువు పెంచే అధికారం జాయింట్ కమిషనర్, ఆపై స్థాయి అధికారులకు ఉంది, కాకపోతే అది వాళ్ళు ఇస్తే తీసుకునేది, మీరు హక్కుగా అడిగేది కాదు. అప్పీలు దారి కూడా ఉంది, మూడు నెలలు, దానిపైన కారణం చూపితే మరో నెల. ఆ తర్వాత తలుపు మూసుకున్నట్టే.

మరి అకౌంటెంట్ తప్పు చేస్తే శిక్ష నాకా అని అడిగారు. అవును, మీకే. జీఎస్టీ ప్రాక్టీషనర్ (ఇతరుల తరఫున రిటర్నులు వేయడానికి శాఖ దగ్గర నమోదైనవాడు) చేత వేయించినా సరే, రిటర్నుల్లోని వివరాలకు బాధ్యత రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళదేనని సెక్షన్ 48(3)లో రాసే ఉంది. పైగా ఇది మీరు చూసుకోలేని సంగతి కూడా కాదు. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ అక్కర్లేకుండా, పాస్‌వర్డ్ లేకుండా, మీ జీఎస్టీ నంబరు కొట్టి వెతికితే ఏ నెల రిటర్ను ఎప్పుడు వేశారో పట్టికలా కనబడుతుంది. చీర అంచులో ఒక పోగు తేడా వస్తే పట్టేసే మనిషి, ఎనిమిది నెలలు ఈ పట్టిక ఒక్కసారి తెరవలేదంటే ఏమనాలి? సొంత వ్యాపారానికి వేరే మనిషి ఫోను నంబరు ఇచ్చి రిజిస్ట్రేషన్ తీసుకోవడం అంతకన్నా పెద్ద అజాగ్రత్త. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో వ్యాపారం తాళాలు వాళ్ళ దగ్గరున్నట్టే.

పాస్‌వర్డ్ కోసం ఆయనకు రూపాయి ఇవ్వొద్దు. మధ్యవర్తి తన మొబైలు, మెయిలు పెట్టుకున్న కేసులు ఇంతకుముందు చాలా వచ్చాయి కాబట్టే దానికి శాఖ దగ్గర ఏర్పాటు ఉంది. మీ రిజిస్ట్రేషన్ ఏ అధికారి పరిధిలో ఉందో పోర్టల్‌లోనే తెలుస్తుంది, ఆ ఆఫీసుకు ఆధార్, పాన్, వ్యాపారం మీదేనని చూపే కాగితాలు తీసుకెళ్ళి రాతపూర్వకంగా దరఖాస్తు ఇస్తే, ఆయన సరిచూసి మీ సొంత మొబైలు, మెయిలు నమోదు చేస్తారు, తాత్కాలిక పాస్‌వర్డ్ మీ మెయిల్‌కే వస్తుంది. ఈ పని రేపే చేయండి. వెళ్ళినట్టు దరఖాస్తు నకలు మీద ముద్ర వేయించుకోండి, తర్వాత గడువు పెంచమని అడగాల్సి వస్తే మీ చేతిలో ఉండే మొదటి కాగితం అదే అవుతుంది.

లాగిన్ వచ్చాక ఆర్డర్ తెరిచి, తేదీతో పాటు రద్దు ఏ రోజు నుంచి అమలైందో చూడండి, ఒక్కోసారి వెనక తేదీ నుంచి రద్దు చేస్తారు. పెండింగ్ రిటర్నులన్నీ వేసి, పన్ను, వడ్డీ, లేటు ఫీజు కట్టాకే రద్దు ఎత్తేయమని దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రతి నెలకూ ముందు అమ్మకాల వివరాల రిటర్ను జీఎస్టీఆర్-1, ఆ తర్వాతే పన్ను కట్టే రిటర్ను 3బి. లేటు ఫీజు రోజుకు 50, కానీ మీ టర్నోవర్ కోటిన్నర లోపే కాబట్టి ఒక్కో 3బి రిటర్నుకు 2,000 మించదు, ఎనిమిదింటికి 16,000. వడ్డీ ఏడాదికి 18 శాతం, నెలకు 14,000 మొత్తం నగదుగానే కట్టాల్సి వచ్చిందనుకున్నా ఏప్రిల్ నాటికి 11,000 లోపే తేలుతుంది. ఇక్కడ మీకు ఎవరూ చెప్పని మంచి కబుర్లు రెండున్నాయి. మీరు చీరలు కొన్న బిల్లుల మీది ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మీ బాకీలో తగ్గించుకోవడం) ఇంకా పోలేదు, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా తీసుకోవచ్చు. అయితే బిల్లు ఇచ్చిన వ్యాపారి తన రిటర్నులో చూపి ఉండాలి, అది పోర్టల్‌లో మీ కొనుగోళ్ళ పట్టిక అయిన 2బిలో కనబడుతుంది. రెండోది, మీ ఆన్‌లైన్ సంస్థ ప్రతి నెలా మీ అమ్మకాల మీద అర శాతం టీసీఎస్ (డబ్బు మీకిచ్చే ముందే తీసుకునే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టింది, మీ లెక్కన నెలకు సుమారు 1,400. దాన్ని మీరు పోర్టల్‌లో అంగీకరిస్తేనే మీ నగదు ఖాతాలోకి వస్తుంది, ఆ నొక్కాల్సిన బటన్ ఎనిమిది నెలలుగా ఎవరూ నొక్కలేదు.

ఇక మీ మరిది సలహా. ఈ మాట గట్టిగానే చెబుతాను: నిల్ రిటర్నులు వేయకండి. ఒక్కో రిటర్నుకు లేటు ఫీజు 500తో పోతుందని, పని చిటికెలో అయిపోతుందని ఆశ పుడుతుంది, అందుకే ప్రమాదం. ఆ టీసీఎస్ పట్టుకున్న సంస్థ మీరు ఏ నెల ఎంత అమ్మారో తన రిటర్ను జీఎస్టీఆర్-8లో ఎప్పుడో శాఖకు చెప్పేసింది. అటు అమ్మకాలు, ఇటు సున్నా ఉంటే కంప్యూటరే తేడా పట్టేస్తుంది. ఇప్పటిదాకా మీది ఆలస్యం, నిల్ వేసిన క్షణం అది తప్పుడు లెక్క. సెక్షన్ 74ఎ కింద మోసం లేని కేసులో పెనాల్టీ పన్నులో 10 శాతం లేదా 10,000, ఏది ఎక్కువైతే అది. మోసం అని తేలితే పన్నెంతో పెనాల్టీ అంత. అకౌంటెంట్ చేసిన తప్పు నుంచి బయటపడటానికి మీ చేతులతో మీరే అంతకన్నా పెద్ద తప్పు చేసినట్టవుతుంది. మీ ఆయన పేరు మీద, అదే చిరునామాలో, అదే సరుకుతో కొత్త నంబరు తీసుకున్నా మీ పాత బాకీ ఎక్కడికీ పోదు, రద్దుతో పాత బాధ్యత తీరదని చట్టమే చెబుతోంది. పోనీ మీ పాన్ మీదే కొత్తది అడుగుదామంటే, పాత రద్దును తేల్చుకోకుండా వచ్చే అలాంటి దరఖాస్తులను జాగ్రత్తగా పరిశీలించమని 2019లోనే అధికారులకు సర్క్యులర్ ఇచ్చారు.

అసలు జీఎస్టీ లేకుండా అమ్మితే పోదా అని కూడా ఒక మూల రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులకు 40 లక్షల పరిమితి ఉన్నమాట నిజమే, తెలంగాణలో అది 20 లక్షలే. కానీ మీ చీరలు హైదరాబాద్, బెంగళూరు వెళ్తున్నాయి. హైదరాబాద్ మనకు ఊరెళ్ళినట్టే అనిపించినా పన్ను లెక్కలో వేరే రాష్ట్రం, ఆన్‌లైన్ సంస్థ ద్వారా రాష్ట్రం దాటించి అమ్మేవాళ్ళకు పరిమితితో పని లేదు, రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

ఇప్పుడు అకౌంటెంట్ సంగతి. మీరు ఆయనకిచ్చిన డబ్బంతా ఒక ముద్దగా లెక్కేసి చీటింగ్ అంటున్నారు, అలా రాసిస్తే పోలీసులు సివిల్ తగాదా అని పంపేస్తారు. నెలకు 3,000 ఫీజు, పని సరిగా చేయలేదంటే అది సివిల్ విషయమే. పన్ను కట్టమని అప్పగించిన 1,12,000 వేరు. ఆ డబ్బు ఆయన కట్టకుండా వాడుకుంటే అది నమ్మక ద్రోహం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316, అయిదేళ్ళ దాకా శిక్ష. రుజువు చేయాల్సింది రెండే: పన్ను కోసమని ఇచ్చారు, ఆయన కట్టకుండా దురుద్దేశంతో వాడుకున్నాడు.

మీరు పదిలంగా దాచుకున్న చలానా పీడీఎఫ్‌లు ఒకసారి తీసి చూడండి. అందులో 14 అంకెల సీపీఐఎన్ ఒక్కటే ఉంటే అది కట్టిన రసీదు కాదు, కట్టడానికి తయారు చేసిన కాగితం, 15 రోజుల్లో చెల్లదు కూడా. డబ్బు నిజంగా పడితే 17 అంకెల సీఐఎన్ వస్తుంది. పోర్టల్‌లో మీ నగదు ఖాతా తెరిస్తే పైసలతో సహా తేలిపోతుంది. అక్కడ డబ్బు పడి ఉండి, రిటర్నులు మాత్రమే వేయలేదంటే మాత్రం ఆయన బద్ధకస్తుడే గాని దొంగ కాదు, అప్పుడు క్రిమినల్ కేసు మాట మర్చిపోండి. అందుకే ఆ ఖాతా చూడకుండా స్టేషన్‌కు వెళ్ళొద్దంటున్నాను.

సాక్ష్యం విషయంలో ఒక హెచ్చరిక. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి పెట్టుకున్నానన్నారు, అవి చాలవు. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి, అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. కాబట్టి ఆ ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి, బ్యాంకు స్టేట్‌మెంట్ బ్యాంకు ధ్రువీకరణతో తీసుకోండి.

ఆ చాట్‌లోనే మీకు చేటు చేసే మాట కూడా ఒకటుంది. 54,000 అడిగినప్పుడు ‘కాస్త టైమివ్వండి అన్నా, సర్దుబాటు చేస్తాను’ అని పెట్టారట! ఎవరడిగారు మిమ్మల్ని? లేని బాకీని మీ వేళ్ళతో ఒప్పుకున్నట్టు రేపు ఆయన వకీలు చదివి వినిపిస్తాడు. ఇంకేమీ టైపు చేయకండి. మాట్లాడాల్సిందంతా ఇకపై కాగితం మీదే. పని చేయించుకున్నాక రేటు మాట్లాడుకోకపోయినా న్యాయమైన ప్రతిఫలం ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 అంటుంది, అది నిజం. కానీ ఆ పని చేసినట్టు ఆయన చూపించాలి, ఎనిమిది నెలలు రిటర్నే వేయని మనిషి ఏ లెక్క దేనితో సరిచూశాడో చూపించడం అంత తేలిక కాదు. మూడేళ్ళ లోపు బాకీయే కాబట్టి కాలం చెల్లిందన్న వాదన మాత్రం మీకు దొరకదు. ఫీజు కోసం మీ బిల్లులు, పాస్‌వర్డ్ పట్టి ఉంచే హక్కు కూడా ఆయనకు లేదు. ఏ బాకీకైనా సొత్తు ఆపుకోగలిగే వాళ్ళ జాబితా అదే చట్టం సెక్షన్ 171లో ఉంది, అందులో అకౌంటెంట్ లేడు. ఫీజు బాకీ ఉందని క్లయింటు ఫైలు ఆపుకునే హక్కు లాయరుకే లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది, లాయర్లమైన మాకే లేనిది ఆయనకెక్కడిది.

ఏప్రిల్ 20 లోపు రద్దు ఎత్తేయమనే దరఖాస్తు పడిన తర్వాత, అంతకుముందు కాదు, లాయరు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి: పన్ను డబ్బు వాపసు, లేటు ఫీజు, వడ్డీ, కాగితాలు, 15 రోజుల్లో. స్పందించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు, ఆయనకు ఇచ్చిన ఫీజు అయిదు లక్షల లోపే కనుక ఫిర్యాదు రుసుము ఉండదు, గడువు రెండేళ్ళు. వ్యాపారం కోసం తీసుకున్న సేవ కదా అని అభ్యంతరం పెడతారు. జీవనోపాధికి స్వయంగా నడుపుకుంటున్న పని అని మీరు మొదటి పేరాలోనే రాసుకోవాలి. అది కాదంటే మూడేళ్ళ లోపు సివిల్ దావా. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్ అయితే వాళ్ళ సంస్థ ఐసీఏఐకి, జీఎస్టీ ప్రాక్టీషనర్ అయితే శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. ఈ రెండూ కాకుండా ఉట్టి ‘టాక్స్ చూసే అబ్బాయి’ అయితే ఆ దారులు లేవు. ఆయన ఏ కోవో మీకే తెలియదని రాశారు, తెలుసుకోండి.

ఇక ఎంత ఇవ్వాలన్న ప్రశ్న. ప్రభుత్వం కట్టిన రేటు లేదు, ఐసీఏఐ ప్రకటించే కనీస ఫీజులు కూడా సిఫారసులే. రేటు పని పరిమాణాన్ని బట్టి ఉంటుంది, ఆ పని మీరే తగ్గించుకోవచ్చు. మీ టర్నోవర్ అయిదు కోట్ల లోపే కాబట్టి మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకుంటే ఏడాదికి పన్నెండు జతల బదులు నాలుగు జతలే వేయాలి, పన్ను మాత్రం నెలనెలా కట్టాలి. వార్షిక రిటర్ను రెండు కోట్ల లోపు వాళ్ళకు మినహాయింపులో ఉంది. నెలకు ఇంత అనకుండా రిటర్నుకు ఇంత, లెక్కలు సరిచూస్తే ఇంత, నోటీసు వస్తే ఇంత అని విడివిడిగా ఒక పేజీ మీద రాయించుకుని సంతకాలు పెట్టించుకోండి, ఫీజు ఆయనకు పంపండి, పన్ను మాత్రం మీ బ్యాంకు ఖాతా నుంచి మీరే చలానాకు కట్టండి.