కరాటేలో బ్లాక్ బెల్ట్ ఉంది. తెలుగు సినిమాల్లో ఫైటర్‌గా చేరాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చేస్తే ఫైటర్‌గా పని దొరుకుతుందా, బ్లాక్ బెల్ట్ సరిపోతుందా, దీంతో ఇల్లు గడుస్తుందా అని అడిగావు. టైక్వాండో నేర్చుకుంటున్న మీ చెల్లి గురించి కూడా చివర్లో ఒక మాట రాశావు. నేను చాలా ఏళ్లు ఫైటర్‌గా చేసి ఇప్పుడు ఒక ఫైట్ మాస్టర్ దగ్గర అసిస్టెంట్‌గా ఉన్నాను. కొత్త కుర్రాళ్లలో ఎవరిని షాట్‌లో పెట్టొచ్చో చూసి చెప్పే పని కూడా నాదే. అందుకే మేం ఏం చూస్తామో అక్కడి నుంచే మొదలుపెడతాను.

బ్లాక్ బెల్ట్ ఉండటం మంచిదే. ఒళ్లు మాట వింటుంది, కాలు లేస్తుంది. అయితే టోర్నమెంట్ కోసం నువ్వు నేర్చుకున్నది ఎదుటివాడికి దెబ్బ తగిలేలా కొట్టడం, నీకు తగలకుండా కాచుకోవడం. సెట్‌లో ఈ రెండూ మారిపోతాయి. నువ్వు కొట్టేది ఎవరికీ తగలకూడదు. నీకు తగలని దెబ్బకు నువ్వు పడిపోవాలి. హీరో చెయ్యి నీ ముఖానికి జానెడు దూరం నుంచి పోతుంది. కెమెరా ఏ వైపు ఉందో గుర్తుపెట్టుకుని, ఆ చెయ్యి నీ దవడ దాకా వచ్చిన క్షణంలోనే తల తిప్పాలి, దాని వెంట భుజం తిరగాలి, ఆ తర్వాతే కాలు కదలాలి. దీన్నే రియాక్షన్ అంటాం. ముందే తిప్పేస్తే హీరో గాలిని కొట్టినట్టు కనిపిస్తుంది. ఆలస్యమైతే నిజంగానే దవడ వాస్తుంది. రియాక్షన్ బాగా ఇచ్చేవాళ్లు చుట్టూ ఉంటే పెద్దగా ఫైట్లు రాని హీరో కూడా తెర మీద బలవంతుడిలా ఉంటాడు. అందుకే కాలు తలపైకి లేపి కిక్ కొట్టేవాడికంటే రియాక్షన్ తెలిసినవాడికే మాస్టర్ల దగ్గర ముందు పిలుపు వస్తుంది.

తర్వాత పడటం. దీని మీద నువ్వు కనీసం ఏడాది పెట్టాలని నా అభిప్రాయం. చిన్నప్పుడు ఇసుకలో వేసిన పిల్లిమొగ్గ దగ్గరే మొదలుపెట్టు. ముందుకు రోల్, వెనక్కి పడటం, పక్కకు పడటం, పరిగెత్తుకుంటూ వచ్చి డైవ్ రోల్, ఈ నాలుగూ మెత్తటి మ్యాట్ మీద వందల సార్లు చేశాకే గట్టి నేల గురించి ఆలోచించు. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి ఉంచాలి, లేకపోతే తల వెనుక భాగం నేలకు కొట్టుకుంటుంది. ఊపిరి బిగబట్టకుండా వదలాలి. అరచేతులు వెనక్కి పెట్టి ఆపుకోవాలని చూడకు, మణికట్టు విరిగేది అక్కడే. చెయ్యి మొత్తం నేల మీద చరిస్తే దెబ్బ ఒక్క చోట కాకుండా పరుచుకుంటుంది. జూడో నేర్పేవాళ్లు దొరికితే ఇది చాలా త్వరగా పట్టుబడుతుంది. జిమ్నాస్టిక్స్ కోచ్ దగ్గర కొన్నాళ్లు ఉంటే గాలిలో ఒళ్లు ఎక్కడుందో తెలుస్తుంది. మీ వైపు కర్రసాము, కత్తిసాము నేర్పే పెద్దవాళ్లు ఇంకా ఉంటే వాళ్ల దగ్గరకు తప్పకుండా వెళ్లు. పీరియడ్ సినిమాలు, జానపదాలు వచ్చినప్పుడు కర్ర పట్టడం తెలిసినవాళ్ల కోసం అందరినీ అడుగుతుంటాం. గుర్రపు స్వారీ, ఈత, బైక్, కారు వస్తే ఇంకా మంచిది. ఈతకు కాస్త ఖర్చు పెట్టు. అది ఎందుకో కింద చెబుతాను.

ఇక్కడికి వచ్చాక ఏం జరుగుతుందంటే, ముందు నిన్నెవరూ షాట్‌లో పెట్టరు. పరుపులు మోస్తావు, ఖాళీ అట్టపెట్టెలు పేరుస్తావు, రోప్ లాగుతావు. చాలామంది కుర్రాళ్లు ఇది చిన్న పని అనుకుని నెలకే వెళ్లిపోతారు. నా దృష్టిలో ఈ వృత్తిలో అసలు చదువు ఇదే. పై నుంచి దూకేవాడి కింద పేర్చే పెట్టెలు ఖాళీగా ఎందుకు ఉండాలి, వరసల మధ్య ఎంత సందు వదలాలి, పైన పరుపు ఎక్కడి దాకా రావాలి అన్నది పేర్చినవాడికే తెలుస్తుంది. హార్నెస్ (ఒంటికి బిగించే బెల్టుల పట్టీ) కట్టుకుని ఒకడు గాల్లోకి లేస్తుంటే, క్రేన్ మీదుగా వచ్చిన ఆ రోప్ రెండో కొసను చాలాసార్లు పట్టుకునేది తోటి ఫైటర్లే. మాస్టర్ లెక్కపెట్టగానే అందరూ ఒకేసారి పరిగెత్తి లాగాలి, దించేటప్పుడు ఒకే వేగంతో వదలాలి. ఒక్కడు ముందు వదిలినా గాల్లో ఉన్నవాడు గోడకు కొట్టుకుంటాడు. రోప్ దగ్గర నిన్ను నమ్మగలిగితే షాట్‌లోనూ నమ్ముతాం. నేనైతే కొత్తవాళ్లను అక్కడే గమనిస్తాను. సెల్‌ఫోన్ చూసుకునేవాడు ఎవరు, ముడి రెండోసారి చూసేవాడు ఎవరు అన్నది సాయంత్రానికి తెలిసిపోతుంది.

పని ఎలా దొరుకుతుందంటే, మాస్టర్ల ద్వారానే. కృష్ణానగర్, ఇందిరానగర్ చుట్టుపక్కల గది తీసుకుని ఫైటర్లు ప్రాక్టీస్ చేసే చోట్లకు రోజూ వెళ్లు. పెద్ద సినిమాల్లో యూనియన్ కార్డు లేకుండా ఫైటర్‌గా నిలబడటం కష్టం. కార్డు ఫీజు చిన్న మొత్తం కాదు. సభ్యత్వం ఎప్పుడు తీసుకుంటారు, పరీక్ష ఎలా ఉంటుంది, ఎంత కట్టాలి అన్నవి నేరుగా యూనియన్ ఆఫీసులోనే అడుగు. కార్డు ఇప్పిస్తానని టీ కొట్టు దగ్గర పరిచయమైనవాడికి, రసీదు ఇవ్వనివాడికి రూపాయి కూడా ఇవ్వకు. ఊర్లో పొలం అమ్మి అలా ఇచ్చి తిరిగి వెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు. కార్డు వచ్చేలోపు షార్ట్ ఫిల్ములు, వెబ్ సిరీస్‌లు, స్టేజ్ షోలు చెయ్యి. రామోజీ ఫిల్మ్ సిటీలో సందర్శకుల ముందు చేసే స్టంట్ షో లాంటివి కూడా మంచి బడి. జనం ముందు రీటేక్ ఉండదు కాబట్టి టైమింగ్ బాగా పదునెక్కుతుంది.

రీల్స్ గురించి అడిగావు. స్లో మోషన్, పాట పెట్టిన రీల్ చూసి మాకు ఏమీ అర్థం కాదు. కట్ లేని ఒక నిమిషం వీడియో తీయి. రెండు రోల్స్, రెండు ఫాల్స్ (పడటాలు), స్నేహితుడితో నాలుగు దెబ్బల కంపోజింగ్, అంటే ముందే అనుకుని కూర్చుకున్న ఫైట్, ఒకసారి నువ్వు కొడుతూ, ఒకసారి నువ్వు తింటూ. ఎత్తు, బరువు, వచ్చిన విద్యలు కింద రాయి. డూప్‌గా పిలవాలంటే ఎత్తు, భుజాల వెడల్పు హీరోతో కలవాలి కాబట్టి ఆ కొలతలు కచ్చితంగా కావాలి.

డబ్బు సంగతి. ఇది రోజువారీ పని. షూటింగ్ ఉన్న నెలలో చేతి నిండా ఉంటుంది, లేని నెలలో అద్దెకు కూడా టెన్షన్. 2025 ఆగస్టులో వేతనాల కోసం తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్ సమ్మెకు దిగినప్పుడు రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంచే ఒప్పందంతో అది ముగిసింది. పెంపు వచ్చింది, సంతోషమే. కానీ ఆ రోజుల్లో ఇల్లు నడిచింది పొదుపు ఉన్నవాళ్లకే. నీకు కరాటే నేర్పడం వచ్చు కదా, సాయంత్రం క్లాసులు మాత్రం మానకు.

ఇప్పుడు ప్రాణం గురించి. ఈ భాగం అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించు. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలో ఒక కన్నడ సినిమా క్లైమాక్స్ కోసం ఇద్దరు కుర్రాళ్లు హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి దూకారు. వాళ్లకు లైఫ్ జాకెట్లు లేవు. ఒడ్డుకు రాలేక మునిగిపోయారు. తనకు ఈత అంతంతమాత్రమేనని వాళ్లలో ఒకరు ముందే మీడియాతో చెప్పారు. 2025 జులైలో తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో కారు ర్యాంప్ మీదుగా లేచి బోల్తా పడే షాట్‌లో ఒక స్టంట్‌మ్యాన్ చనిపోయారు. అలాంటి షాట్లు ఎన్నో చేసిన అనుభవజ్ఞుడు ఆయన. ఆ వీడియో చూశాక మా వాళ్లలో చాలామంది ఆ రాత్రి నిద్రపోలేదు.

అందుకే షాట్‌కు ముందు అడగడం నేర్చుకో. నువ్వు దిగే చోటు ఎక్కడ, హార్నెస్ ఎవరు చూశారు, అంబులెన్స్ ఉందా, దగ్గర్లో ఏ ఆసుపత్రి. ఒక సెట్‌లో రిహార్సల్ లేకుండా నేరుగా టేక్‌కు వెళ్దాం, లైట్ పోతోంది అన్నారు. నేను రోప్ కట్టుకోనని మాస్టర్‌కు చెప్పాను. ఆ ప్రొడక్షన్ వాళ్లు మళ్లీ నన్ను పిలవలేదు. అయినా ఆ రోజు చెప్పినందుకు ఇవాళ్టికీ నాకు తృప్తిగానే ఉంది. మంచి మాస్టర్ అయితే అలా అడిగినవాణ్ని గుర్తుపెట్టుకుని మరీ పిలుస్తాడు.

ఇన్సూరెన్స్ ఈ వారమే చూసుకో. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్ష బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. అది చాలదు, కానీ అసలు లేకుండా సెట్‌కు వెళ్లొద్దు. వేరే పాలసీ తీసుకునేటప్పుడు వృత్తి దగ్గర జిమ్ ట్రైనర్ అని రాయించే ఏజెంట్లు ఉంటారు. ఒప్పుకోకు. స్టంట్లు చేస్తానని రాయి, ప్రీమియం ఎక్కువైనా ఫర్వాలేదు. దాచి రాస్తే కాలు విరిగిన రోజు క్లెయిమ్ రాదు. అక్షయ్ కుమార్ దేశంలో సుమారు 650 మంది స్టంట్ కళాకారులకు సొంత డబ్బుతో బీమా చేయించారని 2025లో వార్త వచ్చింది. ఆయనకు దండం పెట్టాలి. అసలైతే అది ప్రతి నిర్మాణ సంస్థ బడ్జెట్‌లో మొదటి పద్దుగా ఉండాల్సింది.

ఎదుగుదల గురించి కూడా చెప్పాలి. ఒళ్లు ఎప్పటికీ ఇలాగే ఉండదు, మోకాళ్లు, నడుం ముందు అలసిపోతాయి. కారంచేడు నుంచి వెళ్లిన రామ్-లక్ష్మణ్ మాస్టర్లు కూడా ముందు ఫైటర్లుగా దెబ్బలు తిన్నవాళ్లే. ఫైటర్ నుంచి అసిస్టెంట్, అక్కడి నుంచి మాస్టర్ అన్నది ఒక దారి. అందరూ మాస్టర్లు కాలేరు. రిగ్గింగ్, అంటే రోప్‌లు, హార్నెస్‌లు బిగించే పని, బాగా నేర్చుకున్నవాళ్లకు, కార్లూ బైకులూ నడిపే డ్రైవింగ్ స్టంట్లు వచ్చినవాళ్లకు వయసు పెరిగినా పని ఉంటుంది. ముప్పై దాటకముందే వీటిలో ఒకటి పట్టుకో. గుర్తింపు కూడా మెల్లగా వస్తోంది. యాక్షన్‌కు జాతీయ అవార్డు ఇవ్వడం 2016 సినిమాలతో, పీటర్ హెయిన్ మాస్టర్‌తో మొదలైంది. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి ఆస్కార్లలో కూడా స్టంట్ డిజైన్‌కు అవార్డు ఉంటుందని ప్రకటించారు. ఆ మాట విన్న రోజు మా ప్రాక్టీస్ గ్రౌండ్‌లో స్వీట్లు పంచుకున్నాం.

ఇక మీ చెల్లి. హీరోయిన్లకు డూప్‌గా చేసే ఆడపిల్లలు మన దగ్గర చాలా తక్కువ. ఇప్పటికీ కొన్ని చోట్ల సన్నగా ఉన్న కుర్రాడికి విగ్గు పెట్టి లాగించేస్తున్నారు. 1975లో వచ్చిన షోలేలో హేమమాలిని టాంగా తోలే సీన్లలో డూప్‌గా చేసింది రేష్మా పఠాన్ అనే అమ్మాయే. ఇన్నేళ్ల తర్వాత కూడా కొరత ఉందంటే మీ చెల్లికి చోటు ఉన్నట్టే. ఆడవాళ్ల దుస్తుల్లో ప్యాడ్లు దాచడం కష్టం, పొట్టి చేతులు, పల్చటి బట్ట. అందుకని తను ఫాల్స్ నీకంటే బాగా నేర్చుకోవాలి. డిగ్రీ పూర్తి చేయనివ్వు, ఈలోపు జిమ్నాస్టిక్స్‌లో చేర్పించు. మొదటి కొన్ని షూటింగులకు ఇంట్లోవాళ్లు ఎవరైనా తోడు రావాలని అడగండి. అది ఒప్పుకోని టీమ్‌తో పని చేయాల్సిన అవసరం లేదు. మీ ఇద్దరి వీడియోలు తీశాక ఇక్కడే కామెంట్‌లో లింక్ పెట్టు, తప్పకుండా చూసి ఏం సరిచేయాలో రాస్తాను.