చిన్న అక్షరాల స్టిక్కర్: తంటా అంతా వత్తు దగ్గరే

ప్రశ్న: అన్నా నమస్తే. హనుమకొండ చౌరస్తా దగ్గర మాది చిన్న రేడియం షాపు. బండ్ల మీద పేర్లు, అద్దాల మీద బోర్డులు పదేళ్ల నుంచి కోస్తున్నా, మేడారం జాతరప్పుడైతే తిండికి కూడా టైం దొరకదు, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఈమధ్య మోటార్ వైండింగ్ చేసే ఆయన ఒకరు స్టార్టర్ డబ్బాల మీద అతికించడానికి ఆరు లైన్ల జాగ్రత్తలు తెలుగులో కావాలన్నాడు. అక్షరం ఎత్తు 4 మిల్లీమీటర్లు, మొత్తం 60 డబ్బాలు. ఇప్పటికే రెండు మీటర్ల వినైల్ (స్టిక్కర్ షీటు) పాడైంది. కోశాక అక్షరాల చుట్టూ మిగిలే వేస్ట్ పీకుతుంటే అక్షరాలు దాంతోపాటే లేచి వస్తున్నాయి, నిలిచినవాటికి వత్తులు లేవు. అదే సైజులో ఇంగ్లిష్ కోస్తే సగమైనా బతుకుతోంది. మెషిన్ మార్చాలా? మస్తు టెన్షన్‌గా ఉంది.
— రేడియం షాపు యజమాని, హనుమకొండ

జవాబు: మెషిన్ మీద ఇప్పుడే డబ్బులు పెట్టకండి తమ్ముడూ. ముందు ఫైల్ తెరిచి, అక్షరాన్ని కాదు, వత్తును కొలవండి. 'జాగ్రత్త' అన్న మాటే చూద్దాం. 'జా' 4 మిల్లీమీటర్లు ఉంటే చివర వేలాడే త వత్తు 2 మిల్లీమీటర్లు ఉంటే గొప్ప, దాని గీత మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. అంత సన్న గీత వెనక జిగురు ఎంత ఉంటుంది చెప్పండి, పక్కన వేస్ట్ లాగుతుంటే అది ఎలా ఆగుతుంది? ఇంగ్లిష్ పెద్దక్షరాలకు కిందా పైనా ఏమీ వేలాడవు, మొత్తం ఎత్తు అక్షరానికే దక్కుతుంది, అందుకే అవి సగమైనా బతికాయి. నేను ఆర్డర్ తీసుకునే ముందు చూసేది ఇదొక్కటే: ఫైల్లో అన్నిటికన్నా సన్న గీత మిల్లీమీటరు దగ్గర ఉందా? ఉంటే కోస్తాను. 0.7 దాకా ఓపికుంటే కోయొచ్చు. అంతకు తగ్గితే ప్లాటర్ (వినైల్ కోసే మెషిన్) జోలికి పోను.

రెండోది, మీరు చెప్పలేదు కానీ అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తరహా తెలుగు ఫాంట్లు) టైప్ చేసి ఉంటారని నా అనుమానం, మన దగ్గర డీటీపీ చేసేవాళ్లు చాలామంది ఇప్పటికీ వాటిలోనే కొడతారు. వాటిలో అక్షరం ఒక్క ముక్కగా ఉండదు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు విడివిడిగా వచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. స్క్రీన్ మీద నల్లగా నింపి ఉంటుంది కాబట్టి మనకు తెలియదు, ప్లాటర్ మాత్రం ప్రతి ముక్క చుట్టూ విడిగా తిరిగి కోస్తుంది, అంటే గుడి అక్షరానికి అతికే చోటే తెగుతుంది. పెద్ద అక్షరాల్లో ఆ కోత ఉన్నా ముక్కలు వేటికవి అతుక్కుని ఉంటాయి, ఎవరూ గమనించరు. 4 మిల్లీమీటర్లలో ఆ ముక్క లేచిపోయినట్టే. కోరెల్‌డ్రాలో అక్షరాలను కర్వ్స్ చేసి (గీతలుగా మార్చి), వెల్డ్ కొట్టి (ముక్కల్ని ఒకటిగా కలిపి), వైర్‌ఫ్రేమ్‌లో చూడండి. బయటి గీత ఒకటి, లోపలి రంధ్రాలకు వాటి గీతలు, అంతే కనపడాలి. వెల్డ్‌లో రంధ్రాలు పూడిపోయాయేమో కూడా చూసుకోండి. యూనికోడ్ ఫాంట్లలో మండలి లాంటి మామూలు మందం ఉన్నది తీసుకోండి. రామభద్ర లాంటి లావు ఫాంట్ పెడితే బలంగా నిలబడుతుందని అనిపిస్తుంది గానీ, అంత చిన్న సైజులో లోపలి సందులు మూసుకుపోతాయి.

ఇక బ్లేడు. ప్లాటర్ బ్లేడు మొన సరిగ్గా ఇరుసు కింద ఉండదు, కొంచెం వెనకగా, చాలా బ్లేడ్లకు 0.25 మిల్లీమీటర్ల దూరంలో, ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ లెక్కనే ఆఫ్‌సెట్ అంటాం. ఇది తప్పితే గుండ్రని గీత మొదలైన చోటికి వచ్చి కలవదు. మన లిపి అంతా గుండ్రమే కదా, ప్రతి అక్షరంలోనూ దెబ్బ తగులుతుంది. పరీక్ష చాలా తేలిక: 3 మిల్లీమీటర్ల సున్నాలు పది వరసగా కోయండి, భూతద్దం పెట్టి చూడండి. రెండు కొసలు ఎడంగా ఉన్నా, తోకలాగా దాటిపోయినా ఆఫ్‌సెట్ మార్చాలి. బ్లేడు ప్యాకెట్ మీద ఉండే అంకెతో మొదలుపెట్టండి. 45 డిగ్రీల బ్లేడు తీసేసి 60ది పెట్టండి, సన్న పనికి అదే మేలు. వేగం సెకనుకు 50 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్యకు దించండి. ఒత్తిడి ఎంతంటే, వినైల్ తీసేశాక వెనక కాగితం మీద గోరు పెడితే గీత తగిలీ తగలనట్టు ఉండాలి, కాగితం తెగకూడదు.

రిఫ్లెక్టివ్ షీట్ (లైటు పడితే మెరిసేది) మీద ఈ పని అసలు పెట్టుకోకండి. అందులో గాజు పూసలుంటాయి, మందంగా బిర్రుగా ఉంటుంది, బ్లేడు మొన తొందరగా అరుగుతుంది. కాస్ట్ వినైల్ తెచ్చుకోండి. అది ద్రవంగా పోసి ఆరబెట్టి చేసింది, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, తర్వాత పెద్దగా ముడుచుకోదు. మామూలుగా వాడే క్యాలెండర్డ్ వినైల్‌ను రోలర్ల మధ్య నొక్కి సాగదీస్తారు, మందం 80 నుంచి 100 మైక్రాన్లు. ఎండకు అది ముడుచుకుంటే అక్షరం చుట్టూ జిగురు అంచు బయటపడి దుమ్ము పడుతుంది. పెద్ద బోర్డు మీద ఆ నల్ల అంచు తెలియదు, 4 మిల్లీమీటర్ల అక్షరం మీద బాగా తెలుస్తుంది.

వేస్ట్ తీసేది కోసిన వెంటనే. మన వరంగల్ ఎండల్లో పొద్దున కోసి సాయంత్రం పీకుదామంటే జిగురు మెత్తబడి, కోసిన గీతలో మళ్లీ కలిసిపోతుంది. లైన్లన్నీ ఒకే ముక్కగా పీకొద్దు, ప్రతి లైన్ చుట్టూ ఒక డబ్బా గీత గీసి కోయండి, అప్పుడు వేస్ట్ పట్టీలు పట్టీలుగా వస్తుంది. కింది ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, వెనక్కి బాగా మడిచి, పైకి కుడివైపుగా నెమ్మదిగా లాగండి. తలకట్టు కొస అటే చూస్తుంది కాబట్టి అక్షరం ఒళ్లు ముందు విడిపోతుంది, కొస చివరికి వస్తుంది. ఎదురు నుంచి లాగితే కొస ముందే లేస్తుంది. వత్తు దగ్గర ట్వీజర్ మొనతో నొక్కి పట్టుకోండి.

ఇంత చెప్పినా, మీ ఆర్డర్ మాత్రం కోసేది కాదు తమ్ముడూ. 60 డబ్బాలు, ఆరు లైన్లు, ఒక్కోటి పీకుతూ కూర్చుంటే రోజులు పడుతుంది. ఎకో సాల్వెంట్ మెషిన్ (వినైల్ మీద సన్నగా ప్రింట్ చేసే ప్రింటర్) ఉన్నవాళ్ల దగ్గర తెల్ల వినైల్ మీద ప్రింట్ చేయించి, ఒక రోజు ఆరనిచ్చి, పైన లామినేషన్ వేయించి, చుట్టూ మాత్రం కోసుకోండి. పెద్ద ఫ్లెక్స్ మెషిన్ మీద వద్దు, అది దూరం నుంచి చూసే బోర్డుల కోసం. అక్షరాలకు ఒక్క నల్ల రంగే పెట్టండి. నాలుగు రంగులు కలిపిన నలుపు పెడితే రంగులు వెంట్రుకవాసి జరిగినా సందులు నిండి 'ప' కాస్తా 'వ'లా కనపడుతుంది. కరెంటు డబ్బా మీద జాగ్రత్త రాసేటప్పుడు ఆ తేడా చిన్నది కాదు. కోతలో కూడా అంతే: 'ధ' కింది గీత ఊడితే 'ద', 'ఫ' కింది గీత ఊడితే 'ప'. అచ్చు చూసుకోకుండా ఒక్కటీ ఇవ్వకండి.

ప్రశ్న: సార్, నర్సంపేటలో స్ప్రేయర్లు రిపేరు చేసి కిరాయికి ఇస్తాను. పత్తికి మందు కొట్టే రైతులకు పనికొస్తుందని ట్యాంకు మీద తెలుగు స్టిక్కర్ వేయించాను. నెల తిరక్కుండానే మూలలు లేచాయి, అక్షరాలు చెరిగిపోయాయి. ఏం రాయాలి, ఎలా అతికించాలి?
— నర్సంపేట

జవాబు: మీరు మంచి పని పెట్టుకున్నారు, వదలకండి. ట్యాంకు పాలిథిన్ జాతి ప్లాస్టిక్, దాని మీద మామూలు జిగురు పట్టదు. షాపులో 'లో సర్ఫేస్ ఎనర్జీ ప్లాస్టిక్‌కు పట్టే జిగురు' ఉన్న వినైల్ అని అడగండి. ట్యాంకును సబ్బుతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పొడిగా అతికించి, ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి. మూలలు గుండ్రంగా కోయించండి, మొనదేలిన మూలే ముందు లేస్తుంది. చాలా మందుల్లో సాల్వెంట్ ఉంటుంది, అది ఒలికితే రంగు కరుగుతుంది, అందుకే లామినేషన్ తప్పనిసరి, అదీ ప్రింట్ అంచు దాటి 2, 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి.

మోతాదు మాత్రం రాయకండి, మందు మందుకూ అది మారుతుంది. సీసా మీద డైమండ్ గుర్తులో ఉండే రంగుల అర్థం రాయండి: ఎరుపు అత్యంత విషం, పసుపు ఎక్కువ విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ కొద్దిగా. ఆ రంగుల పక్కనే మాస్కు, గ్లౌజులు, గాలికి ఎదురుగా కొట్టొద్దు, అంతే. అక్షరం 12 పాయింట్ల కన్నా తగ్గించకండి, నలభై దాటిన రైతు కళ్లద్దాలు లేకుండా చేను గట్టున చదువుకోవాలి. చోటు చాలకపోతే మాటలు తగ్గించండి గానీ అక్షరం తగ్గించొద్దు.

ప్రశ్న: క్లినిక్ గాజు తలుపు మీద టైమింగ్స్ అతికిస్తే బుడగలు వస్తున్నాయి. సబ్బు నీళ్లు చల్లమంటున్నారు, చల్లితే చిన్న అక్షరాలు జరిగిపోతున్నాయి.
— హుజూరాబాద్

జవాబు: పెద్ద పేరుకు సబ్బు నీళ్లు, చిన్న టైమింగ్స్‌కు పొడి అతికింపు, రెండూ విడిగా చేయండి. చిన్నవాటికి మధ్యస్థ పట్టు ఉన్న పేపర్ అప్లికేషన్ టేపు (కోసిన అక్షరాలను ఎత్తి అతికించే టేపు) తీసుకోండి, మరీ గట్టి టేపు అయితే అక్షరాలు గాజును వదిలి దానికే ఉండిపోతాయి. అతికించాక స్క్వీజీతో (ప్లాస్టిక్ రుద్దుడు చెక్క) గట్టిగా రుద్ది, పది నిమిషాలు ఆగి, టేపును గాజుకు ఆనించినట్టు మడిచి తీయండి. ఎండ పడే తలుపైతే పొద్దున ఎనిమిదిలోపు, గాజు చల్లగా ఉన్నప్పుడే చేయండి.