ఫ్లికర్‌లో ఫొటోకి వేలల్లో వ్యూస్ ఉన్నా ఫేవ్స్ ఎందుకు రావు? అసలా అంకె దేన్ని లెక్కపెడుతుంది?

మీ ప్రశ్నలో కొన్ని సందేహాలున్నాయి. ఫొటోలు పెట్టుకునే సైట్ ఫ్లికర్‌లో మీ మామూలు ఫొటో ఒకటి వేల వ్యూస్ దాటినా ఫేవ్స్ (నచ్చిందని చూసినవాళ్ళు కొట్టే గుర్తులు) పదికి మించలేదు. అదే ఫొటో అన్‌స్ప్లాష్‌లో (ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఫొటోలు పెట్టే సైట్) పెడితే లక్షల వ్యూస్ చూపిస్తోంది. ఈ చూసేవాళ్ళంతా నిజంగా మనుషులేనా, స్టాట్స్ (ఎవరు ఎక్కడినుంచి వచ్చారో చూపే లెక్కలు) కోసం ప్రో, అంటే ఫ్లికర్‌లో డబ్బు కట్టే అకౌంట్, కొనాలా అని అడిగారు. నేను చాలా ఏళ్ళుగా రెండు చోట్లా ఫొటోలు పెడుతున్నాను కాబట్టి, నాకు అర్థమైనంత వరకు చెప్తాను.

ముందు ఆ లక్షల సంగతి తేల్చేద్దాం. వ్యూ అనే మాట అన్ని సైట్లలోనూ ఒకటే అయినా, లెక్కపెట్టే తీరు మాత్రం ఎవరిది వారిదే. ఫ్లికర్‌లో ఎవరైనా మీ ఫొటో మీద నొక్కి దాని పేజీ తెరవాలి, లేదా లైట్‌బాక్స్‌లో పెద్దది చేసుకుని చూడాలి. అప్పుడే వ్యూ పడుతుంది. గ్రూపులోనో సెర్చ్‌లోనో చిన్న బొమ్మగా కళ్ళ ముందు నుంచి జారిపోతే పడదు. లాగిన్ అయి ఉండి మీ ఫొటో మీరే చూసుకున్నా పడదు. (లాగౌట్ చేసి చూసుకుంటే వచ్చినవాళ్ళు మీరేనని దానికి తెలిసే దారి లేదు. ఆ సరదా తీర్చుకునేవాళ్ళూ ఉన్నారు, వదిలేయండి.)

అన్‌స్ప్లాష్ లెక్క వేరు. అక్కడ ఫొటో స్క్రీన్ మీద కనబడితే చాలు. పైగా ఆ సైట్‌కి వెళ్ళినవాళ్ళే కానక్కర్లేదు. అన్‌స్ప్లాష్ ఫొటోలను తమ యాప్‌లలో చూపించే కంపెనీలు చాలా ఉన్నాయి. వాళ్ళు బొమ్మను నేరుగా అన్‌స్ప్లాష్ సర్వర్ నుంచే తెచ్చి చూపించాలన్నది అక్కడి నియమం, ఎందుకంటే అలా చేస్తేనే ఫొటోగ్రాఫర్ ఖాతాలో వ్యూ పడుతుంది. అంటే ఎవరో ఆఫీసులో ప్రెజెంటేషన్‌కి బ్యాక్‌గ్రౌండ్ వెతుకుతుంటే మీ ఫొటో పక్క వరసలో మెరిసి పోయినా మీకు ఒకటి కలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ కూడా 2024 ఆగస్టు నుంచి రీల్స్, ఫొటోలు అన్న తేడా లేకుండా వ్యూస్‌నే ప్రధాన లెక్కగా చూపిస్తోంది. అక్కడ ఒకే మనిషి రెండుసార్లు చూస్తే రెండు. బట్టల కొట్టు ముందు నుంచి నడిచిపోయినవాళ్ళని, లోపలికొచ్చి చీర విప్పించి చూసినవాళ్ళని ఒకే పుస్తకంలో రాస్తామా? అందుకే మీ ఫ్లికర్ వేలని అన్‌స్ప్లాష్ లక్షల పక్కన పెట్టి దిగులు పడకండి. అన్‌స్ప్లాష్‌లో చూడాల్సింది డౌన్‌లోడ్స్ అంకె. అది ఎవరో కావాలని చేసిన పని.

ఇక అసలు ప్రశ్నకి వస్తే, ఫ్లికర్‌లోనే వ్యూస్‌కీ ఫేవ్స్‌కీ పొంతన ఎందుకు ఉండదు? నా ఫొటోలే రెండు చెప్తాను.

ఒకటి లేపాక్షి వీరభద్రాలయంలో వేలాడే స్తంభం. ఫొటోగా చెప్పుకోదగ్గదేమీ లేదు. ఫ్లాష్ వెలుగు రాయి మీద పడి తెల్లగా కొట్టేసింది, పక్కన ఎవరిదో సగం తల. కాకపోతే స్తంభం అడుగున ఒకాయన నీలం తువ్వాలు ఒక పక్క నుంచి దూర్చి ఇంకో పక్క లాగుతున్నాడు, రాతికీ నేలకీ మధ్య సందు స్పష్టంగా తెలుస్తుంది. శీర్షికలో ఊరి పేరు, గుడి పేరు, వేలాడే స్తంభం అన్న మాట తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాశాను. ట్యాగులూ (వెతికేవాళ్ళకి దొరకడానికి ఫొటోకి తగిలించే మాటలు) అవే. రెండోది పులికాట్‌లో తెల్లవారుజామున తీసింది. నీళ్ళమీద పల్చటి పొగమంచు, ఫ్లెమింగోల గుంపు ఇంకా తలలు రెక్కల్లోంచి తీయలేదు. దానికి పెట్టిన పేరు 'ఉదయం', అంతే.

పులికాట్ ఫొటోకి పెట్టిన రెండు మూడు రోజులు తెలిసినవాళ్ళంతా వచ్చారు. చూసిన ప్రతి ఏడెనిమిది మందిలో ఒకరు ఫేవ్ కొట్టారు, కామెంట్లు పెట్టారు, తర్వాత ఆగిపోయింది. లేపాక్షి స్తంభానికి మొదటి వారం ఎవరూ రాలేదు. కానీ అప్పటినుంచి ఇప్పటిదాకా రోజూ ఎవరో ఒకరు తెరుస్తూనే ఉంటారు, ఆ ఊరికి టూర్లు బాగా నడిచే సెలవుల్లో ఇంకాస్త ఎక్కువ. స్టాట్స్‌లో చూస్తే దాదాపు అంతా గూగుల్ నుంచే. ఏ మాట వెతికి వచ్చారో గూగుల్ చెప్పదు గానీ ఊహించడం కష్టం కాదు. వాళ్ళకి కావాల్సింది ఆ సందు నిజంగా ఉందా లేదా అన్నది. చూసుకున్నారు, వెళ్ళిపోయారు. ఫేవ్ కొట్టాలంటే ఫ్లికర్ అకౌంట్ ఉండాలి, వాళ్ళలో చాలామందికి అసలు అది ఫ్లికర్ అని కూడా పట్టింపు ఉండదు.

మీ మామూలు ఫొటో కూడా ఇలాంటిదే అయ్యుంటుంది. పేరులో ఏదో ఊరో, వస్తువో, మొక్కో ఉండి ఉంటుంది, ఒకసారి చూడండి. దీన్నిబట్టి ఫొటోలన్నిటికీ గూగుల్‌కి నచ్చే పేర్లే పెట్టమని నేను చెప్పను. 'ఉదయం' పేరు మార్చే ఉద్దేశం నాకైతే లేదు. ట్యాగులు మాత్రం దండిగా పెట్టండి, అవి ఎవరి కంటికీ అడ్డం రావు.

ఒక్క రోజులో వ్యూస్ ఆకాశానికి ఎగిరి మర్నాడు పడిపోతే అది చాలావరకు ఫ్లికర్‌లోని ఎక్స్‌ప్లోర్ అనే పేజీ పుణ్యం. ఫ్లికర్ రోజుకి ఐదువందల ఫొటోలను అక్కడ చూపిస్తుంది. క్లిక్కులు ఎక్కడినుంచి వస్తున్నాయి, కామెంట్లు ఎవరు ఎప్పుడు పెట్టారు, ఫేవ్ కొట్టినవాళ్ళెవరు, ట్యాగులేమిటి, ఇలాంటివి కలిపి చూస్తామని వాళ్ళే చెప్పారు. పూర్తి సూత్రం మాత్రం బయటపెట్టలేదు. సూత్రం కనిపెట్టామని రాసేవాళ్ళ మాటలు నమ్మొద్దు. ఎక్కిన ఫొటో సాయంత్రానికి జాబితాలోంచి జారిపోవడం కూడా మామూలే.

మనుషులేనా అంటే, కొంత కాదు. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన పాత ఫొటోలన్నిటికీ వరసబెట్టి ఒకే రోజు ఒక్కొక్క వ్యూ పడిందంటే అది ఏదో బాట్ (తనంతట తానే పేజీలు తెరిచే ప్రోగ్రాం) అయ్యే అవకాశమే ఎక్కువ. ఒక్క ఆల్బమ్‌లోని ఫొటోలకే అలా పడితే ఎవరో తీరిగ్గా కూర్చుని తిరగేశారనుకోవచ్చు, అది మంచిదే. అలాగే 'ఒకటి పెట్టు, రెండింటికి కామెంట్ పెట్టు' అనే గ్రూపులున్నాయి. వాటిలో వచ్చే ఫేవ్స్ పెళ్ళిలో చదివింపుల లాంటివే, ఎవరికి ఎంత తిరిగివ్వాలో మనసులో లెక్క నడుస్తూనే ఉంటుంది. నేను వాటిలోంచి బయటికొచ్చేశాను. వ్యూస్ తగ్గాయి, ఫొటోలు చూసుకునే తీరిక పెరిగింది.

చిన్న సలహా ఒకటి: ఎడిటింగ్ నచ్చక ఫొటో మార్చాలనుకుంటే డిలీట్ చేసి మళ్ళీ ఎక్కించకండి, అంకెలు సున్నాకొస్తాయి. గూగుల్ నుంచి వచ్చే లింకూ తెగిపోతుంది. రీప్లేస్ అన్నది మీ అకౌంట్‌లో కనిపిస్తే దాంతో మార్చండి, అలా చేస్తే పాత పేజీ, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి.

ప్రో విషయానికొస్తే, ఉచిత అకౌంట్‌లో ప్రతి ఫొటో కిందా మొత్తం వ్యూస్ కనిపిస్తాయి. ఎక్కడినుంచి వచ్చారు, ఏ రోజు ఎన్ని అన్నవి ప్రోలోనే. 2018లో ఫ్లికర్ స్మగ్‌మగ్ అనే కంపెనీ చేతికి వెళ్ళాక ఉచిత అకౌంట్‌కి వెయ్యి ఫొటోల హద్దు కూడా పెట్టారు. మీరు ఆ హద్దుకి దగ్గర్లో ఉంటే ఎలాగూ తీసుకోవాల్సిందే, స్టాట్స్ కొసరుగా వస్తాయి. వందల్లోనే ఉంటే ఏడాదికి కట్టకుండా ఒక్క నెలకి తీసుకోండి. ముందు ఆ వేల వ్యూస్ ఫొటో ఒక్కదాని స్టాట్స్ తెరిచి, ఎక్కడినుంచి వస్తున్నారో చూడండి. అందులో గూగుల్ పేరే వరసగా కనిపిస్తే మీ సందేహం అక్కడే తీరిపోతుంది, రెండో నెల కట్టే పని ఉండదు.