క్రెడిట్ కార్డు బాకీ: నెలకోసారి కట్టాలా, జీతం పడ్డప్పుడల్లా కట్టాలా?

సందేహం: అన్నా, ఎమ్మెస్ అయిపోయి ఈమధ్యే ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద ఉద్యోగంలో చేరాను. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాను. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో కార్డు మీద గీకింది 6,000 డాలర్ల దాకా అయింది. ఏపీఆర్, అంటే ఏడాది వడ్డీ రేటు, 24 శాతం. నెలకు 300 కట్టగలను. మా రూమ్మేట్ ఏమంటాడంటే, నెలకోసారి కాకుండా చిన్న చిన్న మొత్తాలుగా ఎక్కువసార్లు కడితే వడ్డీ తగ్గుతుందట, క్రెడిట్ స్కోరు కూడా పెరుగుతుందట. నిజమేనా?

జవాబు: వడ్డీ తగ్గుతుందన్నది నిజమే తమ్ముడూ, కానీ వాడు అనుకుంటున్న కారణం వేరు, అసలు కారణం వేరు. స్కోరు మాట మాత్రం వాడన్నట్టు కాదు.

ముందు ఆ 24 శాతాన్ని మన లెక్కలోకి మార్చుకో. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. మన ఊళ్లో ఎవరైనా రెండు రూపాయల వడ్డీకి ఐదారు లక్షలు తెచ్చాడని తెలిస్తే ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. ఇక్కడ అదే వడ్డీకి అంతే అప్పు మోస్తూ, మినిమమ్ (నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం) కట్టేశాం కదా అని వీకెండ్ ట్రిప్పులు బుక్ చేస్తుంటాం. 29.99 ఏపీఆర్ కార్డయితే రెండున్నర రూపాయల వడ్డీ అన్నమాట. పైగా ఇది బారువడ్డీ కాదు, చక్రవడ్డీ. అదీ చాలా కార్డుల్లో ఏరోజుకారోజు లెక్కవేసే వడ్డీ.

నీ ప్రశ్నకు జవాబు ఈ రోజువారీ లెక్కలోనే ఉంది. 24ని 365తో భాగిస్తే రోజుకు 0.066 శాతం దాకా వస్తుంది. 6,000 మీద అది రోజుకు దాదాపు 3 డాలర్ల 95 సెంట్లు. బ్యాంకు ఏరోజు ఎంత బాకీ ఉందో చూసి దాని మీదే వడ్డీ వేస్తుంది కాబట్టి, ఈరోజు 75 కడితే ఆ 75 మీద వడ్డీ అక్కడితో ఆగిపోతుంది. నెలాఖరు దాకా ఆగితే ఆ రోజులన్నిటికీ వడ్డీ నీ నెత్తిన పడుతుంది. మీ రూమ్మేట్ చెప్పేది ఇదే.

అయితే ఎంత మిగులుతుందో కూడా చూడు. 30వ రోజున ఒకేసారి 300 కట్టే బదులు 7, 14, 21, 28 తేదీల్లో 75 చొప్పున కట్టావనుకో. నీకు మిగిలేది ఆ నెలకు సుమారు రెండున్నర డాలర్లు. మొత్తం అంతే! దీనికోసం వారం వారం యాప్ తెరిచి టెన్షన్ పడక్కర్లేదు. ఇంటర్నెట్‌లో దీన్నో బ్రహ్మరహస్యంలా చెప్పేవాళ్లు ఈ లెక్క మాత్రం వేసి చూపించరు.

అసలు లాభం జీతం తేదీల్లో ఉంది. ఇక్కడ చాలా కంపెనీలు రెండు వారాలకోసారి జీతం ఇస్తాయి. ఏడాదికి 52 వారాలు కాబట్టి 26 జీతాలు. నెలకు 300 అంటే ఏడాదికి 3,600. అదే ప్రతి జీతానికీ 150 పెట్టుకుంటే 3,900 అవుతుంది. నీకు తెలియకుండానే పదమూడో నెల కిస్తీ కూడా కట్టేసినట్టే. కొత్తగా ఏమీ గీకకపోతే, నెలకు 300 లెక్కన నీ బాకీ తీరడానికి సుమారు 26 నెలలు పడుతుంది, వడ్డీ 1,740 డాలర్ల దగ్గర తేలుతుంది. జీతానికి 150 లెక్కన 23 నెలల్లో తీరిపోతుంది, వడ్డీ 1,515 దగ్గర ఆగుతుంది. రెండు వందల పైచిలుకు డాలర్లు, మూడు నెలలు మిగిలాయి. ఒక్క మాట, నీ కంపెనీ 15న, నెలాఖరున జీతం వేసేదైతే ఏడాదికి 24 జీతాలే. అప్పుడీ పదమూడో కిస్తీ ఉండదు. జీతానికి 165 దాకా పెంచుకుంటే దాదాపు అదే ఫలితం వస్తుంది. పేస్టబ్ (జీతం స్లిప్పు) ఒకసారి చూసుకో.

ఇంకో లాభం కాగితం మీద కనపడదు. జీతం పడిన రోజే 150 వెళ్లిపోతే అది ఖర్చుకు దొరకదు. నెలాఖరున కడదాం అనుకున్న 300, శనివారం బిర్యానీకి, ఎవరిదో బర్త్‌డేకి, ఇండియా టికెట్ డిస్కౌంట్‌కి కరిగిపోయి చివరికి 180 మినిమమ్ మిగలడం నేను చాలామంది దగ్గర చూశాను.

ఆ కార్డును మాత్రం ఇక పక్కన పెట్టాలి. బాకీ మొత్తం కట్టేవాళ్లకు స్టేట్‌మెంట్ వచ్చాక కనీసం 21 రోజులు వడ్డీ లేని గడువు ఉంటుంది. బాకీ మోసేవాళ్లకు సాధారణంగా ఆ గడువు ఎగిరిపోతుంది. అంటే ఈరోజు ఇండియన్ స్టోర్‌లో కొన్న కందిపప్పుకు కూడా ఈరోజు నుంచే వడ్డీ. రెండు శాతం క్యాష్‌బ్యాక్ కోసం 24 శాతం వడ్డీ కార్డు గీకేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. బాకీ తీరేదాకా డెబిట్ కార్డు వాడు.

ఇప్పుడు అసలు తిరకాసు. చిన్న మొత్తాలుగా కట్టేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది తేదీల దగ్గరే. కార్డుకు రెండు తేదీలుంటాయి. స్టేట్‌మెంట్ మూసే తేదీ ఒకటి, డ్యూ డేట్, అంటే కట్టాల్సిన ఆఖరి తేదీ, ఇంకొకటి. ఉదాహరణకు 12న స్టేట్‌మెంట్, వచ్చే నెల 7న డ్యూ అనుకుందాం. నువ్వు 10న 150 కట్టావు. అది ఈ స్టేట్‌మెంట్ బాకీని తగ్గిస్తుంది, కానీ 12న వచ్చే కొత్త మినిమమ్‌కి జమ కాదు. చాలా బ్యాంకుల్లో మినిమమ్ అంటే ఒక శాతం అసలు, ఆ నెల వడ్డీ కలిపి. నీకది 180 దగ్గర ఉంటుంది. 12కీ 7కీ మధ్య రెండు జీతాలు పడితే 300 కట్టినట్టే, ఇబ్బంది లేదు. ఒక్క జీతమే పడితే 150 మాత్రమే కట్టి ఉంటావు. 30 డాలర్లు తక్కువైనందుకు లేట్ ఫీజు పడుతుంది. "నేను రెండు వారాలకోసారి కడుతూనే ఉన్నానుగా" అంటే కంప్యూటర్ వినదు.

అందుకని ముందు మినిమమ్‌కి ఆటోపే (ఖాతాలోంచి దానంతటదే కట్టేసే ఏర్పాటు) పెట్టు. దాని మీద జీతం రోజున నీ చేత్తో కట్టుకో. మధ్యలో కట్టింది పోను మిగతాదే లాగే బ్యాంకులున్నాయి, మొత్తం మినిమమ్ మళ్లీ లాగేవీ ఉన్నాయి. నీ బ్యాంకు ఏ రకమో ఆటోపే షరతుల్లో రాసి ఉంటుంది. చెకింగ్ ఖాతాలో డబ్బు లేక పేమెంట్ వెనక్కి వస్తే దానికి మళ్లీ ఫీజు, కాబట్టి జీతం నిజంగా జమయ్యాకే కట్టు. 30 రోజులు దాటిన ఆలస్యం క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కితే ఏడేళ్లు ఉంటుంది.

ఇక స్కోరు సంగతి. ఎన్నిసార్లు కట్టావన్న దానికి మార్కులు లేవు. మూడుసార్లు కట్టినా, ఒకసారి కట్టినా రిపోర్టులో "టైముకు కట్టాడు" అనే ఉంటుంది. స్కోరుకు పనికొచ్చేది లిమిట్‌లో ఎంత వాడావన్నది. మామూలుగా స్టేట్‌మెంట్ మూసే రోజున ఉన్న బాకీనే బ్యాంకు క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ సంస్థలకు పంపుతుంది. నీ లిమిట్ 8,000 అయితే ఇప్పుడు 75 శాతం వాడినట్టు కనిపిస్తుంది. ఫైకో అనే క్రెడిట్ స్కోరులో టైముకు కట్టడానికి 35 శాతం, ఎంత బాకీ ఉందన్న దానికి 30 శాతం వెయిట్ ఉంది. కాబట్టి అపార్ట్‌మెంట్‌కో, కారు లోన్‌కో అప్లై చేసేముందు స్టేట్‌మెంట్ తేదీకి రెండు మూడు రోజుల ముందే కడితే ఉపయోగం. డ్యూ డేట్‌కి 15 రోజుల ముందు ఒకసారి, 3 రోజుల ముందు ఒకసారి కట్టాలని ఓ ట్రిక్ తిరుగుతుంటుంది చూడు, దాంట్లో సరుకు లేదు. అప్పటికే స్టేట్‌మెంట్ మూసి, బాకీ ఎంతో ఆ సంస్థలకు వెళ్లిపోయి ఉంటుంది.

ఉన్న డబ్బంతా కార్డుకే పొయ్యాలా? ఇక్కడి సలహాదారులు చాలామంది పొయ్యమనే అంటారు. వీసా మీద ఉన్నవాళ్ల విషయంలో నేను ఒప్పుకోను. ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చు, హెచ్1బీ ఉద్యోగ వీసాలో ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ సమయంలో అద్దె కార్డు మీద కట్టాలంటే చాలాచోట్ల అదనపు ఫీజు. రెండు నెలల అద్దె, తిండి ఖర్చు చేతిలో ఉంచుకుని మిగిలిందే కార్డుకు పెట్టు.

ఇంటికి పంపడం సంగతి కూడా చెప్పాలి. ఎడ్యుకేషన్ లోన్ ఈఎమ్ఐ ఆపకు, అందులో నాన్న సంతకం ఉండి ఉంటుంది. కానీ ఆ లోన్‌ని ముందే తీర్చేద్దామని ఎక్కువ పంపకు. దాని వడ్డీ 11, 12 ఉంటే కార్డుది దానికి రెట్టింపు. షాద్‌నగర్ వైపు ప్లాటు, కొత్త చీటీ లాంటివి బాకీ తీరేదాకా వాయిదా వెయ్యి. ఆ ప్లాటు రేటు నెలకు రెండు శాతం పెరుగుతుందని నీకు రాసిచ్చేవాడెవడూ లేడు.

జీరో శాతం బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, అంటే కొంతకాలం వడ్డీ లేని కొత్త కార్డుకు బాకీ మార్చుకోవడం, దొరికితే తీసుకో. ఫీజు మూడు నుంచి ఐదు శాతం, అంటే 180 నుంచి 300 డాలర్లు, నువ్వు కట్టబోయే వడ్డీతో పోలిస్తే చాలా నయం. క్రెడిట్ హిస్టరీ తక్కువ కాబట్టి పూర్తి 6,000కి లిమిట్ రాకపోవచ్చు, వచ్చినంతే మార్చుకో. ఫర్నిచర్ షాపులవాళ్లు ఇచ్చే "వడ్డీ లేదు" కార్డులు మాత్రం జాగ్రత్త. వాటిలో చాలావరకు గడువులోపు పూర్తిగా తీర్చకపోతే కొన్న రోజు నుంచి వడ్డీ వెనక్కి లెక్కేస్తాయి. కట్టడమే కష్టమైతే బ్యాంకుకే ఫోన్ చేసి హార్డ్‌షిప్ ప్రోగ్రామ్ (కష్టంలో ఉన్నవాళ్లకు వడ్డీ, కిస్తీ లాంటివి సడలించే ఏర్పాటు) ఉందా అని అడుగు. అప్పు సగానికి మాఫీ చేయిస్తామని ప్రకటనలిచ్చే కంపెనీల జోలికి పోకు.

ఆఖరున ఒకటి. స్టేట్‌మెంట్‌లో చూపించిన బాకీ పూర్తిగా కట్టేసినా, తర్వాతి నెల పాతికో ముప్ఫయ్యో డాలర్లు వడ్డీ కనిపించొచ్చు. అది తప్పు కాదు. స్టేట్‌మెంట్ తేదీ నుంచి నువ్వు కట్టిన రోజు దాకా నడిచిన వడ్డీ. అయిపోయిందిలే అని యాప్ చూడడం మానేసి, ఆ కాస్తకే లేట్ ఫీజు కట్టినవాళ్లున్నారు. రెండు స్టేట్‌మెంట్లు వరసగా సున్నా వచ్చాక, ఆటోపేని మినిమమ్ నుంచి ఫుల్ స్టేట్‌మెంట్ బ్యాలెన్స్‌కి మార్చి, అప్పుడు మళ్లీ కార్డు బయటికి తియ్యి.