విన్నది చెవికెక్కాలంటే: పరభాష నేర్చుకునే పెద్దల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు నలభై ఏళ్లు దాటాయి. ఏడాదిగా ఫ్రెంచి నేర్చుకుంటున్నాను. పుస్తకంలోని పాఠం చదివితే చాలావరకు అర్థమవుతుంది. కానీ పని చేసుకుంటూ రోజూ గంటల తరబడి ఫ్రెంచి వార్తలు వింటున్నా నాలుగు మాటలు కూడా పట్టుకోలేకపోతున్నాను. ఈ వయసులో చెవి కొత్త భాషకు లొంగదా?

జవాబు: మీ చెవిని తప్పుపట్టే ముందు మీరు ఏం వింటున్నారో, ఎలా వింటున్నారో చూడాలి. అచ్చులో పదానికీ పదానికీ నడుమ ఖాళీ ఉంటుంది. మాటలో అది ఉండదు. పైగా ఫ్రెంచివారు పదాలను కలిపి పలికే తీరు మన సంధులను తలపిస్తుంది. బహువచనానికి ముందు వచ్చే 'లే', మిత్రులు అనే అర్థమిచ్చే 'అమి' మీకు విడివిడిగా తెలిసే ఉంటాయి. రెండూ కలిసేసరికి, అంతవరకు పలకకుండా ఉన్న అక్షరం ఒకటి మేలుకొని 'లేజామి' అవుతుంది. 'నాకు తెలియదు' అనడానికి పుస్తకం 'జ న సే పా' అని నాలుగు ముక్కలు నేర్పితే, మామూలు సంభాషణలో అది తరచు 'షేపా' అని వినిపిస్తుంది. మీ కంటికి బాగా తెలిసిన మాటలు మీ చెవికి ఇంకా పరిచయం కాలేదన్నమాట.

వయసు ప్రభావం బొత్తిగా లేదనను. ఏడాది నిండే నాటికే పసిపిల్లల చెవి మాతృభాషలోని ధ్వనిభేదాలకు పదునెక్కి, తక్కినవాటిని పట్టించుకోవడం తగ్గిస్తుంది. పెద్దయ్యాక ఆ అలవాటును మార్చుకోవడం కష్టమే గాని అసాధ్యం కాదు. ఇంగ్లీషులోని 'ర', 'ల' ధ్వనుల తేడా జపాను భాష మాట్లాడే పెద్దలకు ఒక పట్టాన చిక్కదు. ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన లోగన్, లైవ్లీ, పిసోనీ 1991లో ప్రకటించిన ప్రయోగంలో, ఆ ధ్వనులున్న పదాలను పలువురి గొంతుల్లో వినిపించి, చెప్పిన జవాబు తప్పో ఒప్పో వెంటనే తెలియజేస్తూ పోగా, కొద్ది వారాల్లోనే అలాంటి శ్రోతల గుర్తింపు మెరుగుపడింది. ఆ తర్వాతి ప్రయోగంలో ఒకే గొంతుతో శిక్షణ పొందినవారికి ఆ నేర్పు కొత్త గొంతు దగ్గర అక్కరకు రాలేదు. కాబట్టి ఎంత నచ్చినా ఒకే అధ్యాపకుడి రికార్డింగులకు అతుక్కుపోకండి.

ఇక మీరు ఎంచుకున్న వార్తల సంగతి. వార్త ముందే రాసుకుని చదివేది; అందులో తడబాటు ఉండదు, చెప్పినదాన్నే మరో విధంగా మళ్లీ చెప్పడం ఉండదు, ఒక విషయం అందేలోపే ఇంకొకటి వచ్చిపడుతుంది. చేతిలో మరో పని ఉన్నప్పుడు అది శబ్దంగానే మిగిలిపోతుంది. మన స్థాయికి ఒక్క మెట్టు పైన ఉంటూనే అర్థమయ్యే భాషను వింటేనే నేర్పు పెరుగుతుందని భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980ల ఆరంభంలో వాదించాడు. ఆయన సిద్ధాంతం మొత్తాన్ని ఒప్పుకోని పండితులు చాలామందే ఉన్నా, అర్థం కాని ధ్వనిని ఎంతసేపు విన్నా ఒరిగేది తక్కువన్నంతవరకు పెద్దగా పేచీ లేదు.

అందుచేత గంటలు తగ్గించండి. రెండు నిమిషాలకు మించని సంభాషణ ఒకటి, రాతప్రతి దొరికేది, తీసుకోండి. ఆ ప్రతి చూడకుండా రెండుసార్లు విని, మూడోసారి వాక్యవాక్యానికీ ఆపుతూ విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టి, అప్పుడు సరిచూసుకోండి. తప్పిన ప్రతిచోటా కారణం ఏమిటో తేల్చుకోవాలి. పదమే తెలియకపోతే నిఘంటువు చాలు. తెలిసిన పదమే పక్కదానితో కలిసిపోయి తప్పించుకుంటే ఆ వాక్యాన్నే మళ్లీ మళ్లీ విని, వక్త వేగంతోనే గొంతు కలిపి పలకాలి. ఒక ధ్వనిని మరో ధ్వనిగా వింటున్నట్టు తేలితే అది మొండి ఘటం. పైన చెప్పిన పలు గొంతుల సాధనే దానికి మందు. మరునాడు కొత్త సంభాషణ జోలికి వెళ్లేముందు పాతదాన్ని కాగితం లేకుండా ఒకసారి వినండి. విసుగు పుట్టించే పనే, కాదనను. కానీ ఇరవై నిమిషాల ఈ విసుగు మీ గంటల వార్తలకన్నా మేలని నా నమ్మకం.

ప్రశ్న: తప్పుల్లేకుండా మాట్లాడగలిగేదాకా వింటూ ఉండమని మా గురువుగారు, మొదటి రోజే నోరు తెరవమని ఒక మిత్రుడు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మిత్రుడి మాటకే నా మొగ్గు, అయితే ఒక షరతు ఉంది. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదువుకున్న ఇంగ్లీషు పిల్లలు ఏళ్ల తరబడి ఆ భాష విని, గ్రహించడంలో ఫ్రెంచి పిల్లలకు దీటుగా వచ్చినా, మాటలోనూ రాతలోనూ వారి వ్యాకరణం వెనకబడే ఉందని భాషాపరిశోధకురాలు మెరిల్ స్వేన్ 1985లో ఎత్తిచూపింది. వినేటప్పుడు సందర్భాన్నిబట్టి అర్థం ఊహించుకుని గట్టెక్కవచ్చు; చెప్పేటప్పుడు క్రియకు ఏ రూపం వాడాలో తేల్చుకోక తప్పదు, మనకు రానిదేమిటో అక్కడే బయటపడుతుంది.

షరతు ఏమిటంటే, మాట్లాడటం ఒక్కటే చాలదు. హవాయిలో స్థిరపడిన ఒక జపాను చిత్రకారుణ్ణి భాషాపరిశోధకుడు రిచర్డ్ ష్మిట్ సుమారు మూడేళ్లు గమనించి 1983లో రాసిన వ్యాసం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. అతడు కలుపుగోలు మనిషి, ఇంగ్లీషులో చొరవగా సంభాషించి పనులు చక్కబెట్టుకునేవాడు, అయినా అతడి వ్యాకరణం దాదాపు మొదలైనచోటే ఉండిపోయింది. భావం అందితే చాలని ఇద్దరూ సర్దుకుపోతే తప్పు అలాగే గట్టిపడుతుంది. మనం తప్పుగా అన్నదాన్ని ఎదుటివారు మాటల మధ్యలో మర్యాదగా సరైన రూపంలో తిరిగి అన్నా మనం గమనించకపోవచ్చు. తరగతి గదుల్లో ఉపాధ్యాయులు ఎక్కువగా వాడే పద్ధతి అదేననీ, విద్యార్థి తనంతట తప్పు దిద్దుకోవడానికి అతి తక్కువగా తోడ్పడేదీ అదేననీ లిస్టర్, రాంటాలు 1997లో లెక్కగట్టి చూపారు. అందుకే మీతో మాట్లాడేవారిని ముందుగానే అడగండి: అన్ని తప్పులూ వద్దు, ఈ వారం భూతకాల క్రియలు మాత్రం చూడండి, తప్పు రాగానే ఆపి నాచేతనే మళ్లీ చెప్పించండి అని.

అర్థం కానప్పుడు 'మళ్లీ చెప్పండి' అని ఊరుకుంటే అదే వాక్యం అదే వేగంతో తిరిగొస్తుంది. అందినంతవరకు తిరిగి చెప్పి, అందని చోటును చూపండి: 'శనివారం కలుద్దామన్నారు, ఎన్ని గంటలకన్నది వినపడలేదు' అన్నట్టుగా. ఈ ఒక్క వాక్యాన్ని మీరు నేర్చే భాషలో తడుముకోకుండా చెప్పగలిగితే తొలి నెలల సంభాషణ సగం తేలికవుతుంది. తడబాటు పోవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది: ఒకే విషయాన్ని ముగ్గురు వేర్వేరు శ్రోతలకు వరుసగా నాలుగు, మూడు, రెండు నిమిషాల్లో చెప్పడం. మూడోసారికి ఏం చెప్పాలన్న ఆలోచన ఉండదు గనుక ధ్యాసంతా ఎలా చెప్పాలన్నదాని మీదే నిలుస్తుంది.

ప్రశ్న: విదేశీ చిత్రాలను మాతృభాష సబ్‌టైటిళ్లతో చూస్తే భాష వస్తుందా?

జవాబు: కథ తెలుస్తుంది, చెవికి మాత్రం పెద్దగా సాయం అందదు. డచ్చి భాషీయులకు పరిచయం లేని యాసల్లో ఇంగ్లీషు దృశ్యాలు చూపి మిటరర్, మెక్వీన్ 2009లో ఫలితాలు ప్రకటించారు. ఇంగ్లీషులోనే సబ్‌టైటిళ్లు చూసినవారు ఆ యాసను మెరుగ్గా పట్టుకోగా, డచ్చి సబ్‌టైటిళ్లు కొత్త వాక్యాల దగ్గర అడ్డమే అయ్యాయి. చిత్రంలోని భాషలోనే అక్షరాలు వచ్చేలా పెట్టుకుని, ఒక దృశ్యం పూర్తయ్యాక వెనక్కి తిప్పి, అక్షరాలు తీసేసి మరోసారి చూడండి. కథ ముందే తెలిసిన చిత్రమైతే ఇంకా మంచిది.