వరంగల్ నుంచి సూది గెలాక్సీ: ధూళి పట్టీ పడాలంటే పెద్ద టెలిస్కోపు కొనాలా?

మీ దగ్గర 6 అంగుళాల న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోపు), పాత డీఎస్ఎల్ఆర్ ఉన్నాయి. హన్మకొండలో డాబా మీద నుంచి తీస్తే ఎన్‌జీసీ 4565 అనే ఈ సూది గెలాక్సీ బూడిదరంగు గీతలా వస్తోంది, నడుమ ఉండాల్సిన నల్లటి ధూళి పట్టీ పడటం లేదు. పెద్దది కొనాలా అని అడిగారు. వద్దు. ఆ డబ్బు పెట్రోలుకు ఉంచుకోండి.

ఆ గెలాక్సీ పొడవు దాదాపు 16 ఆర్క్‌ నిమిషాలు, నిండు చందమామ వెడల్పులో సగం. 750 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్‌కు మీ సెన్సర్ మీద సుమారు 900 పిక్సెళ్ల పొడవున పడుతుంది. పట్టీ కనిపించడానికి అది చాలు. దాన్ని మింగేస్తున్నది నగరపు వెలుగు. దీపాల వెలుగును ఆపే ఫిల్టరుతో పని జరగదు. గెలాక్సీ వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి, ఎల్‌ఈడీ దీపాలను ఆపబోతే దాన్నీ ఆపేస్తుంది.

నేనూ 6 అంగుళాలదానితోనే, ములుగు దాటి రామప్ప వైపు పొలాల్లో తీస్తాను. మిర్చి కల్లాల కాపలా దీపాలకు దూరంగా చోటు వెతుక్కోవాలి. ఈ గెలాక్సీ అర్ధరాత్రికి నడినెత్తి దగ్గరికి చేరేది మార్చి చివర్లో. ఉగాది అమావాస్య వెళ్లిన పాడ్యమి కాబట్టి, ఆ పండగ ముందు రాత్రులు దీనికోసమే పెట్టినట్టుంటాయి. ఇంట్లో మామిడి తోరణాలు ఎవరు కడతారన్నది వేరే గొడవ.

నడినెత్తికి 8 డిగ్రీల దూరంలోనే పోతుంది కనుక అడ్డొచ్చే గాలి పొర పలుచన. ఉత్తర ఐరోపా వాళ్లకు ఈ వసతి లేదు. కాకపోతే ఆ ఎత్తులో ట్యూబు అడుగుభాగం ట్రైపాడ్ కాలికి తగులుతుంది. పగలే తిప్పి చూసుకోండి. ధ్రువ నక్షత్రం మనకు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఉత్తరాన ఒక్క చింతచెట్టున్నా మౌంట్‌ను (టెలిస్కోపును ఆకాశంతోపాటు తిప్పే పీఠాన్ని) దానికి గురిపెట్టి సరిచేయడం కష్టం.

రెండేసి నిమిషాల ఫ్రేములు (విడి ఫొటోలు), మొత్తం ఐదారు గంటలు పోగుచేయండి. ఒక్క రాత్రిలో కాకపోతే రెండు మూడు రాత్రులవి కలపండి. రాత్రి పదింటికీ నేల సెగలు కక్కుతుంటే సెన్సర్‌లో రంగుచుక్కలు పెరుగుతాయి. అందుకే ఆ చుక్కలను తీసేయడానికి వాడే డార్క్ ఫ్రేములు (వెలుగు పడకుండా తీసే ఫొటోలు) ఇంటికొచ్చి ఫ్యాను కింద కాకుండా అక్కడే, ట్యూబు మూతపెట్టి తీయాలి.

పట్టీ సరిగ్గా మధ్యలో కాక గెలాక్సీ నడిమి ఉబ్బుకు కాస్త పక్కగా కనిపిస్తే కంగారు పడకండి. గెలాక్సీ అంచు పూర్తిగా మనవైపు లేదు, రవ్వంత వాలి ఉంది.

గైడ్ కెమెరా (ఒక నక్షత్రాన్ని చూస్తూ టెలిస్కోపు గురి తప్పకుండా సరిచేసేది) కొంటానంటే మాత్రం కాదనను.